హాలోవీన్ నిజంగా సైతాను పండగేనా? సౌవిన్ రాత్రి అసలు కథ

అక్టోబర్ నెలాఖరు వచ్చిందంటే చాలు, మన ఫోన్లలో రెండు రకాల వీడియోలు మొదలవుతాయి. ఒకటి, అమెరికాలో ఉన్న అన్నయ్య పిల్లలు అస్థిపంజరం డ్రెస్సులు వేసుకుని ఇంటింటికీ చాక్లెట్ల కోసం తిరిగేది. రెండోది ఫ్యామిలీ గ్రూపులో పెద్దనాన్న పంపేది: "ఇది రెండు వేల ఏళ్ల నాటి సైతాను పూజ, మృత్యుదేవుడికి నరబలులు ఇచ్చేవాళ్లు, పిల్లల్ని పంపకండి" అని. ఇవాళ ఆ రెండో దాని సంగతి చూద్దాం. ఎందుకంటే అందులో ఒక చిన్న నిజం ఉంది, దాని చుట్టూ చాలా అల్లారు.

ఆ నిజం పేరు సౌవిన్. ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూస్తే మనం సామ్‌హైన్ అని చదివేస్తాం గానీ, ఐర్లాండ్ వాళ్లు పలికేది సౌవిన్ అనే. ఐరిష్ భాషలో ఇప్పటికీ నవంబర్ నెల పేరు అదే. అంటే అది దేవుడి పేరు కాదండీ, కాలం పేరు! దాన్ని మృత్యుదేవుడితో ముడిపెట్టింది 18వ శతాబ్దంలో చార్ల్స్ వాలెన్సీ అనే సైనిక ఇంజినీరు. పాత ఐరిష్ గ్రంథాల్లో సౌవిన్ అనే దేవుడే లేడు. ఆయన రాసింది మాత్రం ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంది.

మరి సౌవిన్ అంటే ఏంటి? పశువుల లెక్క. మే మొదట్లో ఆవుల్ని కొండల మీది పచ్చికకి తోలుకెళ్లేవాళ్లు, నవంబర్ మొదట్లో ఇంటికి తెచ్చేవాళ్లు. చలికాలం అంతటికీ మేత చాలదు. ఏ పశువుని ఉంచాలి, దేన్ని కోయాలి అనేది అప్పుడే తేల్చుకోవాలి. కోశాక మాంసం ఉంటుంది, జనం ఉంటారు, ఇక విందులే. ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు, మధ్యలో సౌవిన్, మొత్తం ఏడు రోజుల సంబరం అని ఒక పాత అల్‌స్టర్ కథలో ఉంది. ఆటలు, పందేలు, తిండి. భయం సంగతి? అదీ ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సౌవిన్ కథ ఆ భయం గురించే.

ఐలిల్ రాజు, మేవ్ రాణి క్రూహన్ కోటలో ఉన్నారు. సౌవిన్ రాత్రి. బయట ఉరికొయ్యకి శవాలు వేలాడుతున్నాయి. వెళ్లి ఒక శవం కాలికి తీగ కట్టి వచ్చినవాడికి బహుమతి అన్నాడు రాజు. ఆ చీకట్లోకి వెళ్లినవాళ్లంతా అంతే వేగంగా వెనక్కి వచ్చేశారు. నేరా అనేవాడు మాత్రం నిలబడ్డాడు. కడుతుంటే తీగ ఊడిపోతోంది. ఎలా కట్టాలో శవమే చెప్పింది! తర్వాత, "నన్ను ఉరి తీసినప్పుడు దాహంగా ఉంది, మోసుకెళ్లి నీళ్లు ఇప్పించు" అంది. ఇప్పించాడు. తిరిగొచ్చేసరికి కోట తగలబడిపోతోంది, ఒక సైన్యం వెళ్లిపోతోంది. వాళ్ల వెనకే ఒక గుహలోకి దిగి, అవతలి లోకంలో చిక్కుకున్నాడు. అక్కడే ఒకామెని పెళ్లి చేసుకున్నాడు. ఆమె చెప్పింది: "నువ్వు చూసింది ఇంకా జరగలేదు. వచ్చే సౌవిన్‌కి జరగబోతోంది. వెళ్లి మీవాళ్లని హెచ్చరించు." సరే, ఎవరు నమ్ముతారు? చలికాలంలో పూయని వేసవి మొక్కల్ని సాక్ష్యంగా పట్టుకెళ్లాడు. అతను అక్కడ ఎన్ని రోజులున్నాడో గానీ, కోటలో వాళ్లు ఇంకా అదే గుండిగ చుట్టూ కూర్చుని ఉన్నారు.

టైమ్ ట్రావెల్ సినిమాలా ఉంది కదా! ఆ గుహ ఇప్పటికీ ఉంది. రాస్‌కామన్ కౌంటీలో రాత్‌క్రోహన్ దగ్గర. పిల్లుల గుహ అంటారు దాన్ని.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఈ కథలు రాసిపెట్టింది ఎవరు? డ్రూయిడ్లు కాదు. ఐర్లాండ్ క్రైస్తవంలోకి మారిన కొన్ని వందల ఏళ్లకి, మఠాల్లోని సన్యాసులు. పాత మతం వాళ్లు తమ చేత్తో రాసుకున్న సౌవిన్ వర్ణన మన దగ్గర ఒక్కటీ లేదు. నరబలి మాట కూడా అలాంటి చోటు నుంచే వచ్చింది. క్రోమ్ క్రూఅహ్ అనే విగ్రహానికి తొలిచూలు బిడ్డల్ని ఇచ్చేవాళ్లని మధ్యయుగపు ఐరిష్ స్థలపురాణాలు చెబుతాయి, సెయింట్ పాట్రిక్ వచ్చి ఆ విగ్రహాన్ని కూల్చాడనీ చెబుతాయి. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల గురించి రాసిన మాట అది. దాన్ని సీసీటీవీ ఫుటేజ్‌లా చూపిస్తే ఎలా?

ఇంకో పాపులర్ మాట ఉంది: "చర్చి సౌవిన్‌ని దొంగిలించి నవంబర్ 1న సర్వ సాధువుల పండగ పెట్టింది" అని. ఇదీ అంత ఈజీగా తేలదు. క్రీ.శ. 609లో రోమ్‌లోని పాంథియన్ గుడిని చర్చిగా మార్చిన రోజు మే 13. అమరవీరులందరి పండగ అక్కడ ఆ తేదీకే జరిగేది. సుమారు 800 ప్రాంతంలో ఐర్లాండ్‌లో రాసిన పంచాంగంలో ఆ పండగ ఏప్రిల్ 20న ఉంది! నవంబర్ 1 తేదీ ఇంగ్లండ్, జర్మనీ వైపు ముందు కనబడుతుంది, 835లో ఫ్రాంకుల రాజ్యమంతా ఆ తేదీ స్థిరపడింది. సౌవిన్‌ని మింగేయడానికే ఆ తేదీ పెట్టి ఉంటే, సౌవిన్ సొంత ఊళ్లో ముందు కనబడాలి కదా? చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ లేవనెత్తిన పాయింట్ ఇది, నాకైతే గట్టిదే అనిపిస్తుంది.

పోయినవాళ్లని తలుచుకోవడం? దానికి గట్టి ఆధారం దొరికేది చర్చి వైపే. నవంబర్ 2న ఆత్మల దినం పెట్టింది ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఓడిలో, వెయ్యో సంవత్సరం దగ్గర్లో. ఇంగ్లండ్‌లో పేదవాళ్లు, పిల్లలు ఇంటింటికీ వెళ్లి ఆ ఇంట్లో పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న కేకులు తీసుకునేవాళ్లు. హాలోవీన్ అనే మాటకి అర్థం కూడా సాధువుల పండగకి ముందురోజు సాయంత్రం అనే. మన పెత్రమాస గుర్తొస్తోందా? నాకూ వచ్చింది. కానీ పోలిక ఉన్నంత మాత్రాన ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లిందని వీడియో చేసేయకండి, ప్లీజ్.

1845 తర్వాత బంగాళదుంపల కరువులో లక్షలమంది ఐరిష్ వాళ్లు అమెరికా ఓడలెక్కారు. అక్కడ గుమ్మడికాయ పెద్దది, తొలవడం సులువు. అంతకుముందు ఐర్లాండ్‌లో తొలిచింది టర్నిప్ దుంపల్ని. కాసిల్‌బార్ ఊరి దగ్గర మ్యూజియంలో అలాంటి టర్నిప్ దీపం నమూనా ఒకటి ఉంది, డొనెగల్ నుంచి వచ్చింది. లోపలికి పోయిన కళ్లు, ముడతల ముఖం, అక్కడక్కడా పళ్లు. ఫోటో వెతికి చూడండి, రాత్రిపూట మాత్రం వద్దు. మన గుమ్మడికాయ దాని ముందు కార్టూన్ బొమ్మే.