కంటిపాపలో తెల్లని మెరుపు

పసిబిడ్డ కంటిపాప మసకవెలుతురులో పిల్లికన్నులా తెల్లగా మెరిస్తే మనలో చాలామంది ముచ్చటపడి ఊరుకుంటారు. అది రెటినోబ్లాస్టోమా అనే కంటి కేన్సరు కావచ్చును. ఎక్కువగా అయిదేళ్ళలోపు పిల్లలకే వస్తుంది.

దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించినవాడు స్కాట్లండు వైద్యుడు జేమ్స్ వార్డ్‌రాప్. ఈ గడ్డ కంటి వెనుక పొర అయిన రెటీనాలో పుట్టి, కంటినరం వెంట మెదడుకు పాకుతుందని 1809లో రాశాడు. తొందరగా కన్ను తీసివేస్తే ప్రాణం దక్కుతుందన్నాడు. మత్తుమందు లేని రోజులవి! పసిబిడ్డను కదలకుండా పట్టుకుని కన్ను తీయించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? వైద్యులే వెనకాడారు. 1846లో ఈథరు మత్తు, 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టిన కంటి లోపలికి చూసే సాధనం వచ్చాకగాని ఆ మాటకు బలం చేకూరలేదు.

ఇక ఎందుకు వస్తుంది? 1971లో అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ లెక్కలు కట్టి, ఒకే కణానికి రెండు దెబ్బలు తగిలితే ఈ జబ్బు పుడుతుందన్నాడు. కొందరు పిల్లలు మొదటి దెబ్బతోనే పుడతారు. ఆ దెబ్బ తగిలే జన్యువు 1986లో దొరికింది. కాబట్టి ఇది తల్లి చేసిన తప్పూ కాదు, దిష్టీ కాదు. ఒక బిడ్డకు వస్తే తోబుట్టువుల కళ్ళు కూడా పుట్టిన వెంటనే పరీక్ష చేయించాలి.

రాకుండా ఆపే మందు నేటికీ లేదు. ముందుగా పట్టుకుంటే మాత్రం మందులతో, లేజరుతో చాలాసార్లు కన్ను కూడా నిలుస్తోంది. ఆలస్యమైతే వార్డ్‌రాప్ చెప్పిన పనే గతి. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా పడినా, కొత్తగా మెల్లకన్ను వచ్చినా ఆ వారంలోనే కంటి డాక్టరుకి చూపించండి.