ఎవరూ అడగని రాతలు

మొన్న రాత్రి పదకొండు దాటినా మా అమ్మాయి ఫోన్‌లో టకటకా ఏదో కొడుతుంటే కేకలేశాను. తను ఆడే వీడియో గేమ్‌లో ఒక చిన్న పాత్ర మధ్యలోనే మాయమైపోతుందట. ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందో తను కథగా రాస్తోంది. "దీన్ని ఎవరు అచ్చేస్తారే? డబ్బులొస్తాయా, మార్కులొస్తాయా?" అన్నాను. "నువ్వు సినిమాల మీద నోటుబుక్కులు నింపేదానివట కదా, అమ్మమ్మ చెప్పింది" అంది. ఇక నాకు మాట రాలేదు.

ఇలాంటి రాతలు ఎక్కడ మొదలయ్యాయో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే ఇందులో సగానికి సగం ఆడవాళ్ల కథే.

1930 మే నెలలో అమెరికాలోని చికాగోలో సైన్స్ కథల అభిమానులు కొందరు 'ది కామెట్' అని ఒక చిన్న పత్రిక వేసుకున్నారు. అభిమానుల పత్రికల్లో మొదటిదిగా దాన్నే చెప్తారు. వీటికి 'ఫ్యాన్‌జైన్' అనే పేరు 1940లో వచ్చింది. ఆ రోజుల్లోనే లాస్ ఏంజెలెస్‌లో మర్టిల్ డగ్లస్ అనే ఆవిడ ఇలాంటి పత్రికలు నడిపింది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన అభిమానుల మహాసభకు ఒక సినిమా చూసి తనకూ, తన స్నేహితుడు ఫారెస్ట్ ఆకర్మన్‌కూ అలాంటి బట్టలే కుట్టింది. ఇవాళ పిల్లలు గేమ్ పాత్రల్లా వేషాలు వేసుకుంటున్నారే, దానికి నాంది అదే అంటారు. పేరు మాత్రం చాలాకాలం ఆయనకే ఎక్కువ వచ్చింది. కుట్టిన చెయ్యి ఎవరిదో అడిగేవాళ్లు తక్కువ కదా!

1966లో అమెరికా టీవీలో 'స్టార్ ట్రెక్' సీరియల్ మొదలైంది. మరుసటి ఏడాదే దేవ్రా లాంగ్సమ్, షెర్నా కమర్‌ఫోర్డ్ అనే ఇద్దరు అమ్మాయిలు 'స్పాకనేలియా' అనే పత్రిక తెచ్చారు. స్పాక్ అనే పాత్ర మీద వ్యాసాలు, కథలు, కవితలు అందులో వచ్చేవి. ఆ పాత్ర వేసిన లెనార్డ్ నిమోయ్ రాసిన ఉత్తరం కూడా మొదటి సంచికలో ఉంది. ఆ తర్వాత వచ్చిన స్టార్ ట్రెక్ పత్రికలను ఎక్కువగా రాసిందీ, నడిపిందీ ఆడవాళ్లే.

ఎలా వేసేవారంటే, మన చిన్నప్పుడు బళ్లో సైక్లోస్టైల్ ప్రశ్నపత్రాలు ఇచ్చేవారు, గుర్తుందా? అదే పద్ధతి. మైనపు స్టెన్సిల్ మీద రిబ్బన్ లేకుండా టైపు కొట్టాలి. తప్పు పడితే గోళ్లరంగులాంటి ద్రవం రాసి, ఆరాక మళ్లీ కొట్టాలి. తర్వాత సిరా పూసిన రోలరు తిప్పుతూ ఒక్కో పేజీ తీయాలి. అన్నీ బల్ల మీద వరసగా పేర్చి, చుట్టూ తిరుగుతూ ఒక్కో కాగితం అందుకుని పుస్తకం కట్టాలి. ఖర్చులూ, తపాలా డబ్బులూ వస్తే అదే పదివేలు. కొందరైతే డబ్బు బదులు ఒక మంచి ఉత్తరం రాసినా పత్రిక పంపేవారు.

ఇదంతా కాలక్షేపం కాదా అంటే, 1967 చివర్లో ఆ సీరియల్ ఆపేస్తారని తెలిసినప్పుడు బ్జో ట్రింబుల్ అనే ఆవిడ, భర్త జాన్‌తో కలిసి అభిమానుల చేత ఉత్తరాలు రాయించింది. లక్షకు పైగా వెళ్లాయి. 1968 మార్చిలో టీవీవాళ్లు సీరియల్ కొనసాగుతుందని తెర మీదే ప్రకటించాల్సి వచ్చింది. మరో ఏడాది నడిచి మొత్తం 79 భాగాలయ్యాయి. అన్ని భాగాలు ఉండబట్టే తర్వాత ఊరూరి టీవీల్లో మళ్లీ మళ్లీ వేసుకోగలిగారు. దానికి అసలు పేరు వచ్చింది అప్పుడే.

వాళ్లు తమను తాము వెక్కిరించుకోవడమూ ఎరుగుదురు. 1973లో పౌలా స్మిత్ ఒక చిట్టి కథ రాసింది. అందులో మేరీ సూ అనే పదిహేనున్నరేళ్ల పిల్లకు రాని విద్య లేదు, అందరూ ఆమెకే దాసోహం. కొత్త రచయిత్రులు తమనే కథానాయికగా పెట్టుకుని రాసే కథల మీద చురక అది. ఏ లోపమూ లేని పాత్రను ఈనాటికీ 'మేరీ సూ' అనే అంటారు. మా అమ్మాయికి ఆ మాట తెలుసు, అది పుట్టిన కథ తెలియదు.

ఆ సైక్లోస్టైల్ కాగితాలు ఇప్పుడు అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఎవరో ఒకరు పారేయకుండా దాచబట్టే అక్కడిదాకా చేరాయి.

నా నోటుబుక్కులు అలా చేరలేదు. పెళ్లికి ముందు అల్మారా ఖాళీ చేస్తూ, పిచ్చి రాతలనుకుని నా చేత్తోనే పాత పేపర్లవాడికి తూకానికి వేశాను. ఎవరూ వద్దనలేదు, నాకూ దాచుకోవాలని తోచలేదు. అందులో ఏం రాశానో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు.

నిన్న మా అమ్మాయిని అడిగి ఆ కథ ప్రింటు తీయించాను. ఏడు పేజీలు. నాకు ఆ గేమ్ ఏమీ తెలియదు కానీ, మాయమైన ఆ పిల్ల ఏమైందో తెలుసుకోవాలని చివరిదాకా చదివాను. కాగితాలకు దారం కట్టి నా బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టాను.