వాగ్గేయకార శబ్దార్థము



తాళ్లపాక అన్నమాచార్యులవారిని, త్యాగరాజస్వామివారిని మనము వాగ్గేయకారులని కీర్తించుచున్నాము. ఆ శబ్దమునకు అర్థమేమి? అది ఎచ్చటనుండి వచ్చినది? కొంచెము విచారింతము.

వాక్కు అనగా మాట. గేయము అనగా పాడదగినది. ఈ రెంటిని తానే కల్పించువాడు వాగ్గేయకారుడు. ఈ లక్షణమును 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు తన ‘సంగీత రత్నాకరము’లోని ప్రకీర్ణకాధ్యాయమున నిర్ణయించెను. ఆయన పూర్వులు కాశ్మీరదేశీయులు. ఆయన దేవగిరి నేలిన యాదవరాజు సింఘణుని కొలువులో శ్రీకరణాధిపతి. ఆ కాలముననే, మన వాడరేవునకు చేరువనున్న మోటుపల్లి రేవున, కాకతి గణపతిదేవుడు 1244లో ఓడవర్తకులకు అభయశాసనము వేయించెను. తరువాతి శతాబ్దమున రాచకొండ నేలిన సింగభూపాలుడు రత్నాకరమునకు వ్యాఖ్య రచించెను. కనుక ఈ శాస్త్రము తెలుగునాటికి పరాయిది కాదు.

శార్ఙ్గదేవుడు వాక్కునకు మాతువనియు, గేయమునకు ధాతువనియు పేరులు చెప్పెను. మాతువనగానే మనకు ‘మాట’ స్ఫురించును. ఉత్తమ వాగ్గేయకారునకు వ్యాకరణము, ఛందస్సు, రసభావములు, తాళజ్ఞానము తెలియవలెను. అంతటితో చాలదు. రోషద్వేషములను విడువవలెను, ఆర్ద్రహృదయుడు కావలెను, ఒరుల ఎంగిలిమాటలు వాడరాదు. మాతువు ఎంత రమ్యమైనను ధాతువు మందమైనచో ఆతడు అధముడే యని శాస్త్రనిర్ణయము.

ఇక మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. అన్నమాచార్యులవారి (1408–1503) సంకీర్తనలు తిరుమల భాండారమున రాగిరేకులపై భద్రముగా నిలిచినవి. ప్రతి సంకీర్తనకు రాగము పేరును చెక్కించిరి. అయినను నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కు 20వ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. రాగిరేకు మాతువును కాపాడినది, ధాతువును కాపాడలేకపోయినది.

త్యాగరాజస్వామివారి (1767–1847) సంగతి వేరు. వారి యింటిపేరైన కాకర్ల మన కంభము సీమలోని గ్రామమే. పూర్వులు తమిళదేశమునకు తరలినను స్వామివారు ఎక్కువగా తెలుగుననే పాడిరి. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము శిష్యులు గురుముఖమున నేర్చి తమ శిష్యులకు నేర్పిరి. పాఠాంతరము లున్నను, మాతువుతో ధాతువు కూడ మన చెవిని చేరినది.

వేదమునకు శ్రుతియని పేరు వచ్చుటలోని రహస్య మిదియే. ఉదాత్తానుదాత్త స్వరితములు తాళపత్రముచే గాక, గురువు నోటినుండి శిష్యుని చెవికి చేరియే నిలిచినవి. గొలుసులో ఒక్క కొలికి తెగిన చాలును, అక్షరము మిగులును, స్వరము పోవును.

కావున మన యిండ్లలో పెద్దలు పాడు మంగళహారతులు, మేలుకొలుపులు, భజన కీర్తనలు పుస్తకమున వ్రాసికొని తృప్తి పడరాదు. పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని, చెవినిడి వినిపించి, వారిచే తిరిగి పాడింపవలెను. అదియే వాగ్గేయకారుల ఋణమును తీర్చుకొను మార్గము.

స్వస్తి.