బండారులంక చేనేత సహకారము

గోదావరియొక్క గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ నున్న కోనసీమయందు అమలాపురమునకు సమీపమునగల బండారులంక, కొబ్బరితోటలకంటె నూలుచీరలవలననే అధికముగా పేరు వడసిన గ్రామము. ఇచ్చటి సమష్టికార్యమునకు మూలము నేతపనిలోనే కలదు. ఏలయన, మగ్గముపై కూర్చుండువాడు ఒక్కడేయైనను, పడుగు చేయుట, గంజిపెట్టుట, అచ్చు అతుకుట, కండెలు చుట్టుట మొదలగు పనులకు ఇంటిల్లిపాదియు, ఒక్కొక్కప్పుడు ఇరుగుపొరుగువారును చేయూతనీయక తప్పదు.

ఈ పరస్పరాశ్రయమునకు చట్టరూప మొసంగినవి సహకార సంఘములు. సంఘము నూలు సమకూర్చి, సభ్యుడు తన యింటనే నేసి తెచ్చిన వస్త్రమునకు కూలి చెల్లించి, సరకును విక్రయించును. పాలకవర్గమును సభ్యులే ఎన్నుకొందురు. నూలు ధర పెరిగినను, చీరలు అమ్ముడుపోక నిలిచినను, కూలి ఆగకుండ చూచుటయే అధ్యక్షునికి అసలైన పరీక్ష. సభలలో ప్రసంగించుట దానియెదుట సులభకార్యము. లెక్కలు బహిరంగముగా చూపని నాయకత్వము ఎంత ఉదారమైనదైనను సంఘమును నిలుపజాలదని చెప్పక తప్పదు.

ఆంధ్రదేశమున నేతగాండ్రను సంఘటితపరచినవారిలో ప్రగడ కోటయ్య అగ్రగణ్యుడు. 1964 నాటి రాష్ట్ర సహకారచట్టము ఇట్టి సంఘములకు ఆధారము కాగా, 1976లో ఏర్పడిన రాష్ట్రస్థాయి చేనేత సహకార సంస్థయగు ఆప్కో వాని ఉత్పత్తులకు విక్రయమార్గమైనది. మరమగ్గముల పోటీనుండి కాపాడుటకై కొన్ని రకములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో కేంద్రచట్టము వెలువడినది.