పెరటికి మిరియాల తీగయా? పైన్ వృక్షమా?

ఇంటి ముందు ఖాళీ స్థలం కొంత మిగిలినప్పుడు అందులో ఏదైనా విశేషమైన మొక్క నాటాలనే కోరిక సహజము. మలెనాడు యాత్రకు వెళ్ళినవారు కాఫీ తోటలలో చెట్లను అల్లుకొన్న మిరియాల తీగలను చూసి వస్తారు. ఊటీ, కొడైకెనాల్ వెళ్ళినవారు ఆకాశాన్నంటే పైన్ వృక్షాలను చూసి వస్తారు. ఈ రెండింటిలో మన పావగడ తాలూకా పెరటికి ఏది తగును, దేనికి ఎంత నీరు, ఎంత ఓర్పు అవసరము అనునది ఇక్కడ పరిశీలిద్దాము.

ముందుగా పేర్ల విషయము తేల్చుకోవాలి. రెండు భాషల నడుమ బ్రతికే మనకు ఇది చిన్న సంగతి కాదు. కన్నడంలో ‘మెణసు’ అంటే మిరియాలు, ‘మెణసినకాయి’ అంటే మిరపకాయ. నర్సరీలో ‘మెణసిన గిడ’ అని అడిగితే మిరప నారు చేతికి వచ్చే అవకాశమే ఎక్కువ. ఆంగ్లంలోనూ ‘పెప్పర్’ అను ఒకే మాట రెండింటికీ చెల్లుతుంది. నిజానికి ఈ రెండు మొక్కలకు ఏ చుట్టరికమూ లేదు. మిరియము మన పశ్చిమ కనుమలలో పుట్టిన తీగ. మిరప అమెరికా ఖండానికి చెందినది, పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు వారి వెంట మన దేశానికి వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు కారము మిరియాల నుండియే లభించేది. కావున మొక్క కొనేటప్పుడు ‘కరి మెణసిన బళ్ళి’ అనియో, ‘నల్ల మిరియాల తీగ’ అనియో స్పష్టంగా అడగవలెను.

పైన్ విషయంలో గందరగోళము ఇంకా ఎక్కువ. దేవదారు, పైన్ ఒకటే అని పలువురు అనుకొంటారు. దేవదారు వేరు జాతి. హిమాలయాల అసలైన పైన్‌ను సంస్కృతంలో ‘సరళ’ వృక్షమన్నారు, హిందీలో ‘చీడ్’ అంటారు. మన ప్రాంతంలో పైన్ అని చూపించేవి సాధారణంగా రెండు. ఒకటి సర్వి, అనగా సరుగుడు. కన్నడిగులు దీనిని ‘గాళి మర’ అంటారు. రెండవది నర్సరీలలో ‘క్రిస్మస్ ట్రీ’ పేరుతో కుండీలలో అమ్మే అరకేరియా. ఈ రెండూ అసలైన పైన్‌లు కావు. పరీక్షించే పద్ధతి సులభము. సరళ వృక్షపు సూదులు మూడేసి ఒక గుత్తిగా, మొదలు వద్ద ఒకే తొడిమలో ఇమిడి ఉంటాయి. సరుగుడు సూదిని రెండు చేతులతో పట్టి లాగితే కణుపు దగ్గర టప్పున ఊడివస్తుంది. ఎందుకంటే అది ఆకు కాదు, కణుపులుగల సన్నని కొమ్మ. అసలు ఆకులు ఆ కణుపుల చుట్టూ పొలుసులవలె అంటుకొని ఉంటాయి. పిల్లలకు బడిలో చూపదగిన ముచ్చట ఇది.

ఇక మన నేల సంగతి. పావగడలో ఏడాదికి పడే వాన సుమారు ఐదారు వందల మిల్లీమీటర్లు. అదియూ ఒక్కొక్క ఏడు ముఖము చాటేస్తుంది. తిరుమణి పరిసరాలలోని ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రము వెలసినదంటే ఇక్కడి ఎండ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. మిరియాల తీగ కోరునది దీనికి పూర్తి విరుద్ధము. దానికి 2,000 మిల్లీమీటర్ల వాన, తేమగల గాలి, ఆకుల నీడ, కొంచెము పులుపు గుణముగల మన్ను ఇష్టము. సరళ వృక్షము 450 నుండి 2,300 మీటర్ల ఎత్తులో హిమాలయ సానువులలో సహజంగా పెరుగుతుంది. ఎత్తు మాట వరకు పావగడ సరిపోవచ్చును గాని, ఆ చలికాలము, ఆ వాన మనకు లేవు. దక్షిణాదిన పైన్ సహజంగా పుట్టినది ఎక్కడా లేదు. కొడైకెనాల్‌లో యాత్రికులు ఫొటోలు తీసుకొనే వనము సైతము మనుషులు నాటినదే.

అయితే రెండూ మానుకోవలెనా? మిరియము విషయంలో ఒక దారి ఉన్నది. అదే పొద మిరియము, నర్సరీ వారి మాటలో ‘బుష్ పెప్పర్’. మిరియాల తీగకు రెండు విధాలైన కొమ్మలుంటాయి. నిలువుగా ప్రాకే కొమ్మలకు ప్రతి కణుపు దగ్గర చెట్టును పట్టుకొనే చిన్న వేళ్ళుంటాయి. ప్రక్కకు సాగే కొమ్మలకు ఆ వేళ్ళుండవు, కాయలు కాసేవి అవే. ప్రక్క కొమ్మను నాటితే అది పైకి ప్రాకదు, గుబురుగా పొదవలె పెరిగి కుండీలోనే కాస్తుంది. నేలలో నాటిన తీగ కాపుకు మూడేండ్లు పడితే, పొద మొదటి ఏడాదిలోనే కంకులు చూపగలదు. మొక్క కొనేటప్పుడు కణుపులను తడిమి చూడండి. పట్టువేళ్ళు కనబడితే అది తీగయే, పొద కాదు. అంగడిలో కొన్న ఎండు మిరియాలను విత్తితే మొలవవు కనుక ఆ ప్రయత్నము వద్దు. రకము అడిగితే పన్నియూర్-1 అని చెప్పవచ్చును. కేరళలోని పన్నియూర్ పరిశోధనా కేంద్రము నుండి 1971లో విడుదలైన ఈ సంకర రకము నేటికీ ప్రసిద్ధమే.

నీటి లెక్క చూద్దాము. ఒక పెద్ద కుండీకి వేసవిలో రోజుకు రెండు లీటర్లు అనుకొంటే మార్చి నుండి మే చివరి వరకు 92 రోజులకు 184 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు పన్నెండు దాటుతాయి. అదే నేలలో నాటి కొబ్బరి చెట్టుకు ప్రాకించిన తీగకు రోజు విడిచి రోజు ఒక బిందె చొప్పున పోస్తే 46 బిందెలు. బోరు ఎండిన నెలలలో ట్యాంకరు కొరకు వీధిలో నిలబడే కుటుంబానికి ఈ తేడా చాలా పెద్దది.

నీటి పరిమాణమే కాదు, గుణము కూడా చూడవలెను. మన బోరు నీటిలో ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసినదే. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణము. అందుకే ఊరూరా శుద్ధ నీటి ఘటకాలు వచ్చినవి. ఆ క్యాన్ నీరు పిల్లలు తాగుటకు కొన్నది, మొక్కకు పోయవలసినది కాదు. శుద్ధి యంత్రము బయటకు వదిలే నీరు వృథాగా పోతున్నదని దానిని మిరియానికి మళ్ళించరాదు. అందులో ఉప్పులు మరింత చిక్కబడి ఉంటాయి, ఆకుల అంచులు మాడిపోతాయి. మిరియానికి మేలైనది వాన నీరు. మిద్దె మీద పడిన వానను డ్రమ్ములో పట్టుకొంటే కొన్ని వారాలు గడుస్తుంది. బియ్యము, కూరలు కడిగిన నీరు కూడా పనికి వస్తుంది.

కుండీని తూర్పు వసారాలోగాని ఇంటికి ఉత్తరపు ప్రక్కగాని ఉంచవలెను. పడమటి ఎండ ఒక్క మధ్యాహ్నము తగిలినా ఆకు వాడిపోతుంది. నీరు నిలిచినా ప్రమాదమే. వానాకాలంలో వేరు కుళ్ళు తెగులు పట్టితే ఆకులు నల్లబడి నాలుగు రోజులలో మొక్క పడిపోతుంది. కుండీ అడుగున రంధ్రము మూసుకొనకుండా పెంకు ముక్కలు పరచి, ఎర్రమన్ను, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి నింపవలెను. ఇంత చేసినా లాభము వస్తుందని ఆశించరాదు. కిలో పచ్చి మిరియాలు ఎండితే మిగిలేది సుమారు 330 గ్రాములే. రసానికి, దగ్గు కషాయానికి ఇంటి మిరియము దొరుకుతుంది, అంతే.

అరకేరియా సంగతి సంక్షిప్తంగా చెప్పవచ్చును. ఇది పసిఫిక్ దీవుల వృక్షము. బెంగళూరు లాల్‌బాగ్‌లో ఎత్తుగా, గోపురమువలె నిలిచినవి ఇవే. కుండీలో మూడడుగులు ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది గాని పుట్టిన చోట యాభై మీటర్లు దాటే జాతి. విచిత్రమేమంటే మిరియానికి ఉన్న గుణమే దీనికీ ఉన్నది. ప్రక్క కొమ్మను నాటితే అది నిలువుగా లేవక ప్రక్కకే వాలి పెరుగుతుంది. మిరియానికి అది వరము, దీనికి శాపము. కనుక తక్కువ ధరకు దొరికిన మొక్క ఒరిగి ఉంటే కొనకండి. చుట్టూ సమంగా కొమ్మలు వేసి, నడి చిగురు చెక్కుచెదరని విత్తు మొక్కనే కొనండి. ఆ చిగురు విరిగితే రూపము పోయినట్లే. మండు వేసవిలో దీనికీ నీడ, తడి కావలెను. ప్రతిఫలంగా ఒక్క కాయ గాని, గుప్పెడు మేత గాని ఇవ్వదు. సరుగుడు మాత్రము నేలలో నత్రజని చేర్చే గుణము కలది, గాలికి అడ్డు నిలుస్తుంది. నెల్లూరు, ప్రకాశం తీరాలలో రైతులు కాగితపు మిల్లులకు దీనిని పంటగా పెంచుతారు. అది పొలము గట్టుకు తగినది, ఇంటి గోడ ప్రక్కకు కాదు. రాలిన ఎండు సూదులు త్వరగా నిప్పంటుకొంటాయి.

ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే నా ఓటు నీడగల వసారా ఉన్న ఇంటికి ఒకే ఒక్క పొద మిరియానికి. వసారా లేనివారు, నీటికి ఇబ్బంది పడేవారు మెణసు బదులు మెణసినకాయి నాటుకొనుట ఉత్తమము. నాలుగు మిరప మొక్కలు నాటిన రెండు రెండున్నర నెలలకు పచ్చికాయ ఇస్తాయి. ఆకు ముడత కనబడగానే ఆ కొసలను త్రుంచి దూరంగా పారవేయవలెను. దేనిని నాటినా జూన్, జూలై తొలి వానల తరువాత నాటండి. ఉగాది ముందు కొన్న మొక్క, వేరు పట్టకముందే ఎండకు చిక్కుతుంది.