సంతకం కోసం తీసిన గొళ్లెం

2017 జులైలో సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు రోజుల తరబడి మూతపడ్డాయి. బట్ట మీద జీఎస్టీ వద్దంటూ వ్యాపారులు సమ్మె చేశారు. షట్టర్లు మళ్లీ లేచాక పన్ను ఎటూ పోలేదు. దాని వెంట నెలనెలా రిటర్ను, రిటర్ను కింద సంతకం వచ్చి కూర్చున్నాయి. కంపెనీ అయితే ఆ సంతకం పెన్నుతో అయ్యేది కాదు. యూఎస్‌బీ డోంగిల్‌లో దాచిన డిజిటల్ సంతకం వెబ్ పేజీకి అందాలి. బ్రౌజరేమో బయటి పేజీ ఏదీ కంప్యూటర్‌కు తగిలించిన వస్తువు జోలికి రాకూడదంటుంది. దాన్ని ఒప్పించి సంతకం దాటించే తంతు సూరత్ అకౌంట్స్ గదులకు అప్పటికే పాతబడింది.

నిజానికి ఎక్కడో పెట్టిన సంతకాన్ని నమ్మి డబ్బివ్వడం ఈ ఊరికి పుట్టుకతో వచ్చిన విద్య. 17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె, ఏ ఊళ్లో రాయించిన హుండీని (డబ్బు చెల్లించమని రాసిచ్చే చీటీని) సూరత్‌లో మార్చుకుంటే ఎంత వట్టం పడుతుందో వరసగా రాసిపెట్టాడు. అందులో గోల్కొండ కూడా ఉంది. హుండీ రాసిన సరాఫు (డబ్బు వ్యాపారి) ఎవరో, అతని మాటకు బజారులో ఎంత విలువో ఇక్కడివాళ్లకు తెలుసు. ఆ ఎరుక స్థానంలో గణితాన్ని నిలబెట్టింది 2000 నాటి ఐటీ చట్టం. లైసెన్సున్న సంస్థ సర్టిఫికెట్ ఇస్తే చాలు, ముఖపరిచయం అక్కర్లేదు.

2006లో కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ21 పేరుతో ఆన్‌లైన్‌కు మారింది. అంతవరకు సూరత్ కంపెనీల కాగితాలు అహ్మదాబాద్‌లోని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లేవి. వాటి చోట పీడీఎఫ్ ఫారాలు వచ్చాయి. చూడ్డానికి కాగితంలాగే ఉన్నా వాటి లోపల జావాస్క్రిప్ట్ నడిచేది. తప్పులు పట్టేది, ఖాళీలు నింపేది. 2009లో దొంగ పీడీఎఫ్‌ల బెడద ముదిరి, రీడర్‌లో జావాస్క్రిప్ట్ ఆపేసుకోమని అడోబీయే చెప్పాల్సి వచ్చింది. ఆ మాట విని ఆపేస్తే ఫారం పలికేది కాదు. సీఏ ఆఫీసులు ఏ పక్కకు మొగ్గాయో వేరే చెప్పాలా?

బ్రౌజర్‌లో అయితే కథ ఇంకా ముదురు. 1995లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌లోకి జావా ఆప్లెట్లను, జావాస్క్రిప్ట్‌ను తెచ్చింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ యాక్టివ్‌ఎక్స్ తెచ్చింది. బొమ్మలాగా పడివుండే పేజీ పని చేయడం మొదలుపెట్టింది. డోంగిల్‌ను తాకగలిగే సత్తా ఉన్నవి జావా, యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్లే కాబట్టి మన ప్రభుత్వ సైట్లు వాటినే పట్టుకున్నాయి. ఆదాయపు పన్ను సైటులోనూ సంతకం జావా ఆప్లెట్ మీదుగానే వెళ్లేది.

2013 జనవరిలో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ బ్రౌజర్లలో జావా ఆపేసుకోమని జనానికి చెప్పింది. ఏడాది తిరిగేసరికి జావా యజమాని ఒరాకిల్ పట్టు బిగించి, సరైన సంతకం లేని ఆప్లెట్లను అడ్డుకుంది. ఇక్కడొక వింత ఉంది. సంతకాలు చేయించుకునే సైట్ల ఆప్లెట్లలోనే కొన్నింటికి ఆ సంతకం సరిగ్గా లేదు! వాటి కోసం జావా కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఎక్సెప్షన్ సైట్ లిస్ట్’ అనే పెరటి తలుపు పెట్టారు. సైటు చిరునామా అందులో చేర్చాలి. ప్రమాదానికి ఒప్పుకుంటున్నానన్న గడిలో టిక్ పెట్టాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అదే చిరునామాను ట్రస్టెడ్ సైట్లలోకి ఎక్కించి, యాక్టివ్‌ఎక్స్ అనుమతులు సడలించాలి. చట్టం దృష్టిలో అన్నిటికన్నా భద్రమైన సంతకం చేయడానికి, కంప్యూటర్‌కున్న గొళ్లెం తీసిపెట్టాలన్నమాట. తప్పు గడువు తరుముతున్న గుమాస్తాది కాదు, ఆ దారి తప్ప మరో దారి ఇవ్వని సైట్లది.

గొళ్లెం తీసే వీలును చివరికి బ్రౌజర్లే లాగేసుకున్నాయి. 2015 సెప్టెంబరులో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ జావా ప్లగిన్‌కు తలుపు మూశాయి. అందుకే జీఎస్టీ సైటు ప్లగిన్ ఊసెత్తలేదు. ఎమ్‌సైనర్ అనే ప్రోగ్రాం కంప్యూటర్‌లోనే విడిగా నడుస్తుంది, పేజీ 127.0.0.1 అనే ఆ కంప్యూటర్ సొంత చిరునామాలో దానితో మాట్లాడుతుంది. మాట కలవకపోతే? ఆ చిరునామా తెరిచి, కనెక్షన్ భద్రం కాదన్న హెచ్చరిక వచ్చినా ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ముందుకు పోవడమే అకౌంటెంట్ల మధ్య చేతులు మారిన చిట్కా. ప్లగిన్ పోయింది, హెచ్చరికను తోసేసే అలవాటు నిలిచింది.

ఇదంతా కంపెనీలు, ఎల్‌ఎల్‌పీల గొడవ. తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో లింబాయత్ వైపు స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాల్లో సొంత పేరున మరమగ్గాలు నడిపేవాళ్లకు డోంగిల్‌తో పనిలేదు. ఫోనుకొచ్చే ఓటీపీతో అదే రిటర్ను వేస్తారు. 2020 లాక్‌డౌన్‌లో డోంగిళ్లు ఆఫీసుల్లో చిక్కుకుపోతే, ఏప్రిల్ 21 నుంచి కంపెనీలకూ నెలనెలా వేసే 3బీ రిటర్నుకు ఓటీపీ చాలన్నారు. 2021లోనూ కొన్ని నెలలు ఆ వెసులుబాటు ఇచ్చారు. దాంతో ఖజానా ఏమీ మునగలేదు. ఏళ్ల తరబడి కంపెనీల చేత చేయించిన ఆ తిప్పల్లో సగం అనవసరమేనని అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ మంగళం పాడింది. ఆనాడు ఇచ్చిన అనుమతులు మాత్రం ఎవరో తీసేదాకా అక్కడే ఉంటాయి. సూరత్‌లో అయినా సిరిసిల్లలో అయినా, రిటర్నులు వేసే పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు ఒకసారి ట్రస్టెడ్ సైట్లు, జావా ఎక్సెప్షన్ జాబితా తెరిచి చూడండి. ఇప్పుడు వాడని పేర్లన్నీ తీసేయండి. సంతకం అయిపోగానే డోంగిల్ పీకి బీరువాలో పెట్టండి.