వంశచరిత్ర పరిశోధనమున జన్యుసాక్ష్యము: కృష్ణా మండల పరిశీలనము

వంశచరిత్రను నిర్మించుటకు మన పూర్వులకు రెండు విధములైన సాక్ష్యములుండెడివి. ఒకటి నోటిమాట, రెండవది వ్రాత. ఇప్పుడు మూడవది చేరినది. అది మనుష్యుని దేహముననే యున్న డి.ఎన్.ఏ. 1984లో ఇంగ్లండునందలి లెస్టరు విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ జన్యుముద్రల పద్ధతిని కనుగొనెను. మన దేశమున అట్టి పద్ధతిని రూపొందించి న్యాయస్థానములకు అందించినవాడు హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు లాల్జీ సింగ్. ఆంధ్రప్రదేశమున కరణముల ఉద్యోగములు రద్దయినదియు 1984లోనే. ఊరి కుటుంబముల పుట్టుపూర్వోత్తరము లెరిగిన పాత సాక్షి తొలగిన యేటనే కొత్త సాక్షి పుట్టుట కాకతాళీయమే. అయినను వంశచరిత్రకారునికి అది స్మరణీయము. ఈ కొత్త సాక్షి ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు, కృష్ణా మండలమున దాని మాటను ఎట్లు వినవలెను అనునది ఈ వ్యాసమునకు విషయము.

1. తెగిన స్మృతి

ఈ మండలమున ఇంటిపేరు, గోత్రము, పిచ్చుకుంట్లవారు కాపులు మొదలగు వారి యిండ్లముందు చెప్పు వంశావళులు నోటిమాటకు చెందిన సాక్ష్యములు. శాసనములు, మెకంజీ సేకరింపించిన కైఫీయతులు, కరణముల లెక్కలు వ్రాతకు చెందినవి. ఈ రెండును పలుమారులు తెగినవి. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమ కుటుంబములను చెల్లాచెదరు చేసినది. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మడిసిరి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువనీటికై వచ్చినవారు కొత్త యూళ్ళలో స్థిరపడిరి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో ఇంచుమించు 10,000 మంది చనిపోయిరి. నాడు గుర్తింపునకు అందని మృతదేహములకు పేరు చెప్పగల పరీక్ష అప్పటికి లేదు. అది ఏడేండ్ల తరువాత వచ్చినది.

సముద్రము దాటినవారి సంగతి వేఱు. 1860-1911 నడుమ నేటాలునకు కూలిఒప్పందముపై వెళ్ళిన సుమారు 1,52,000 మంది భారతీయుల పేరు, తండ్రి పేరు, కులము, గ్రామము, జిల్లా ఓడపట్టికలలో నమోదైనవి. కాని తెలుగు పేళ్ళను చెవికి సోకినట్లు ఇంగ్లీషున వ్రాయుటచే ఏ యూరు ఏదియో పోల్చుట దుష్కరము. పట్టిక చూపిన రెండు మూడు ఊళ్ళలో ఏది నిజమో తేల్చుటకు అక్కడి మనుమనికిని ఇక్కడి దాయాదికిని గల జన్యుసామ్యము తోడ్పడగలదు.

2. సాక్ష్యస్వభావము

జన్యుసాక్ష్యము మూడు తెఱగులు. వై క్రోమోజోము తండ్రినుండి కొడుకునకు మాత్రమే సంక్రమించును. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. తల్లినుండి బిడ్డలందఱకును వచ్చినను కూతుళ్ళ ద్వారముననే ముందునకు సాగును. తక్కిన క్రోమోజోములు తల్లిదండ్రు లిరువురినుండియు సగము సగముగా వచ్చును. ఈ మూడవ దానిలో తోబుట్టువుల సామ్యము సగము. అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర బిడ్డల నడుమ సగటున ఎనిమిదవ వంతు.

ఇచ్చట మన బంధువాచకములు మిక్కిలి ఉపకరించును. ఇంగ్లీషువాడు ఒకే మాటతో చెప్పు చుట్టమును మనము అన్న యనియు బావ యనియు విడదీయుదుము. సామ్యపు పరిమాణమును బట్టి చూచిన పెదతండ్రి కొడుకునకును మేనత్త కొడుకునకును భేదము లేదు. ఇద్దఱును ఎనిమిదవ వంతే. కాని పెదతండ్రి కొడుకున నున్న వై క్రోమోజోము మనదే, మేనత్త కొడుకున నున్నది వేఱు. పెదతల్లి కొడుకు మైటోకాండ్రియా మనదే, మేనమామ కొడుకుది వేఱు. కావున పరిమాణము చెప్పజాలని భేదమును ఈ రెండు రేఖలు చెప్పగలవు.

మేనరికము మఱియొక చిక్కు. మేనమామ మేనకోడండ్రకు పుట్టిన బిడ్డలో సగటున ఎనిమిదవ వంతు, మేనత్త మేనమామ బిడ్డలకు పుట్టిన బిడ్డలో పదునాఱవ వంతు జన్యుభాగము ఇరువైపులనుండియు ఒక్కటిగానే వచ్చును. తరతరముల మేనరికము గల యింట ఇరువురు వ్యక్తులు మూడు నాలుగు దారుల చుట్టములై యుందురు. మేనరికమెరుగని పాశ్చాత్య కుటుంబముల లెక్కపై కట్టిన పట్టికలు ఇట్టి చోట దూరపు చుట్టమును దగ్గఱివానిగా చూపును. ఈ సంగతి తెలియని పరిశోధకుడు లేని తాతను కల్పించుకొనును.

3. వంశము వేఱు, రక్తము వేఱు

వేంగి చాళుక్య రాజరాజ నరేంద్రునికి రాజేంద్రచోళుని కూతురు అమ్మంగదేవియందు పుట్టినవాడు 1070లో చోళసింహాసన మెక్కి కులోత్తుంగ చోళుడాయెను. తండ్రి రేఖ చాళుక్యము, వంశనామము చోళము. కాకతి రుద్రమదేవి తన కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుని దత్తు చేసికొనెను. ఆతనికి రాజ్యము తల్లివైపునుండి వచ్చినది. అయినను 1323 వఱకు ఏలిన ఆతడు కాకతీయుడే. ఆ రాజుల వై క్రోమోజోము నేడు లభించినను శాసనములు అసత్యములు కావు. శాసనము చెప్పునది వంశము, పరీక్ష చెప్పునది రక్తము.

రైతుకుటుంబములందును ఇట్టిదే కలదు. దత్తతయు, రెడ్డి కమ్మ కులములలో న్యాయస్థానములు గుర్తించిన ఇల్లరికమును పితృరేఖతో నిమిత్తము లేకయే ఆస్తిని సాగించినవి. పరీక్షలో రేఖ తెగినచో తొలుత వెదకవలసినది దత్తపత్రమును, ఇల్లరికపు ఒడంబడికను. కళంకమును కాదు. లెస్టరులో 2012లో బయల్పడిన మూడవ రిచర్డు రాజు అస్థికలకు మాతృరేఖ కలిసినది, పితృరేఖ కలియలేదు. అయినను తక్కిన సాక్ష్యములన్నిటిని కూర్చి 2014లో పండితులు ఆ గుర్తింపును స్థిరపఱచిరి.

4. సమూహముల కథ

పెనుగొండ కన్యకాపరమేశ్వరి కథతో ముడివడిన 102 గోత్రముల వైశ్యులు కొద్దిమంది మూలపురుషుల సంతతియని సంప్రదాయము. 2009లో డేవిడ్ రైక్, తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు ప్రకటించిన పరిశోధనము ఆంధ్ర వైశ్యులు ఎంతో పూర్వమే స్వల్పసంఖ్యాకులనుండి విస్తరించి, పిమ్మట బయటి వివాహములు దాదాపు లేక నిలిచిరని చూపెను. కథలోని పాత్రలను ఇది నిరూపింపదు, కథలోని సంఖ్యాస్మృతిని మాత్రము బలపఱచును. శస్త్రచికిత్సలో వాడు సక్సినిల్‌కోలిన్ అను మందు ఈ కులమున కొందఱికి పడక శ్వాస తిరిగివచ్చుట మిక్కిలి ఆలస్యమగుటకు కారణమును ఇదియే. ఇచ్చట వంశచరిత్ర ప్రాణరక్షకు సంబంధించినది.

గుంటూరు జిల్లా చేబ్రోలు చేరువ కొత్తరెడ్డిపాలెమున, తాము ఇశ్రాయేలు ఎఫ్రాయీము గోత్రజులమని చెప్పు కుటుంబములు కలవు. వారిని గూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ 2013లో గ్రంథము ప్రకటించిరి. పది తరముల పైనున్న ఒక పూర్వుని డి.ఎన్.ఏ. మనలో లేశమైనను లేకుండుటకు ఇంచుమించు సగము అవకాశము కలదు. వారు చెప్పు వలస ఇరువదియేడు శతాబ్దుల నాటిది. సామ్యము కనబడకపోయినంత మాత్రమున పూర్వుడు లేడనుట తర్కము కాదు, కనబడినను ఆ కథయే నిజమనుట తర్కము కాదు.

5. పాటింపవలసిన క్రమము

ఒకరి పరీక్ష తోబుట్టువుల రహస్యమును, చనిపోయిన తల్లి రహస్యమును వెల్లడించును. వారి సమ్మతి ఎవరును అడుగలేదు. వివాహబంధమున పుట్టిన బిడ్డ సక్రమసంతానమని భావింపవలెనను 1872 నాటి సాక్ష్యచట్టపు 112వ విభాగము, 2024 జూలై 1 నుండి కొత్త చట్టమున 116వ విభాగముగా నిలిచినది. రక్తపరీక్షను మామూలుగా ఆజ్ఞాపింపరాదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పెను. న్యాయస్థానము పాటించు సంయమము పరిశోధకునికి అంతకంటెను అవసరము.

కావున ముందు వృద్ధుల మాటను వ్రాసికొనవలెను. తరువాత దస్తావేజులను, శాసనములను చూడవలెను. అవి రెండును విభేదించిన చోట, బ్రతికియున్నవారి అనుమతితో, ఒక్క నిర్దిష్టప్రశ్నకై పరీక్ష చేయింపవలెను. డి.ఎన్.ఏ. వేచియుండగలదు, వంశావళి చెప్పు పిచ్చుకుంట్ల వృద్ధుడు వేచియుండలేడు. పరిశోధక విద్యార్థులు తొలుత చేరవలసినది ఆతని యొద్దకే.